పెద్దపిల్లలతో అలాస్కా ఓడ ప్రయాణం

సియాటిల్ నుంచి అలాస్కా వెళ్లే ఓడలు మే నుంచి సెప్టెంబరు దాకా ముమ్మరంగా తిరుగుతాయి. చాలావాటిలో 13 నుంచి 17 ఏళ్ల వాళ్లకు విడిగా క్లబ్బు ఉంటుంది. మొదటి సాయంత్రమే పిల్లల్ని అక్కడికి పంపండి, స్నేహాలు కుదిరేది అప్పుడే. రేవుల్లో ఏం చూడాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి. స్కాగ్వేలో బంగారం వేట రోజుల్లో, 1898లో పని మొదలైన కొండ రైలు మాత్రం వదులుకోవద్దంటాను.

గ్లేసియర్ బే చేరిన పూట అందర్నీ డెక్ మీదికి లేపుకురండి. అదృష్టం బాగుంటే, నీలంగా మెరిసే మంచుగోడ నుంచి పెద్ద పెళ్ల విరిగి నీళ్లలో పడుతుంది. ఉరుములాంటి ఆ చప్పుడు కాస్త ఆలస్యంగా మన చెవిన పడుతుంది. ఎంత బాగుంటుందో!

ఓడ కెనడాలోని విక్టోరియాలో ఆగేదైతే, భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు వీసా నిబంధనలు టికెట్టు కొనకముందే చూసుకోవాలి.