నర్సాపురం రేవులో రెండు కార్లు



ఇంజనీరుని కదా, కార్ల గురించి చెప్పమన్నారు. మన చిన్నప్పుడు కారంటే అంబాసిడరే. ఇంగ్లండు వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ని బెంగాల్లోని ఉత్తరపారాలో మనవాళ్లు తయారుచేసుకున్న బండి. ముందు సీట్లోనే ముగ్గురు పట్టేవారు. మనం తొమ్మిదో తరగతిలో ఉండగా, 1983 డిసెంబరులో, మారుతి 800 వచ్చింది.

ఆ ఏడాది వానాకాలంలోనే మా అక్కకి నొప్పులొస్తే సఖినేటిపల్లి నుంచి నర్సాపురం ఆసుపత్రికి టాక్సీలో బయల్దేరాం. పంటు దిగాక రేవు గట్టంతా బురద. బరువు తగ్గుతుందని నేను దిగబోయాను. డ్రైవరు కసిరాడు. ‘‘ఎవరూ దిగకండి. వెనక్కి సర్దుకోండి బాబూ!’’ ఆరుగురం ఉండగానే బండి మూలుగుతూ గట్టెక్కేసింది. సాయంత్రానికి మేనకోడలు పుట్టింది.

పదిహేనేళ్లకి అదే రేవు, అదే బురద. ఈసారి నా మారుతి. వెనక సీట్లో అమ్మ, కంటి ఆపరేషనుకి. డ్రైవరు పాఠం గుర్తుంది కదా, ‘‘ఎవరూ దిగొద్దు’’ అన్నాను గొప్పగా. చక్రాలు గిర్రున తిరిగాయి గాని బండి వెనక్కి, గోదారి వైపు జారింది. నా గుండె ఆగినంత పనైంది. పంటు దగ్గరున్న పెద్దాయన పరుగున వచ్చి చక్రం కింద రాయి పెట్టాడు. ‘‘అందర్నీ దింపండి. బండి తిప్పి, రివర్సులో ఎక్కించండాయ్!’’ అన్నాడు. ఎక్కింది!

డిగ్రీ ఉన్నవాణ్ని నేను. కిటుకు తెలిసింది ఆయనకి. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు పల్లం వైపు చక్రాల మీదికి వాలుతుంది. అంబాసిడర్‌ని తోసేవి వెనక చక్రాలు, కాబట్టి వెనక జనం కూర్చుంటే పట్టు పెరుగుతుంది. మారుతిని లాగేవి ముందు చక్రాలు. వెనక జనం పెరిగేకొద్దీ ముందు పట్టు సడలుతుంది. రివర్సులో ఆ ముందు చక్రాలే పల్లం వైపుకొస్తాయి. మన సైన్సు మాస్టారు ఏటవాలు తలం పాఠంలో బోర్డు మీద గీసిన బాణం గుర్తే ఇది. నేనే మర్చిపోయాను. క్షమించండి మాస్టారూ.

అలాగని మారుతిని తీసెయ్యలేం. 796 సీసీల మూడు సిలిండర్ల ఇంజనుతో మధ్యతరగతి వాణ్ని కారెక్కించింది. బల్లపరుపు కాలవగట్టు మీద ఒక్కణ్నే వెళ్తే, ఇంజను బరువు లాగే చక్రాల మీదే ఉంటుంది గనక, బురదలో అదే నయం. పెళ్లివారితో అయితే నా ఓటు అంబాసిడర్‌కే.

రెండింటి తయారీ 2014లోనే ఆగింది. మన బ్యాచ్‌వాళ్లు తెచ్చినవి రెండూ బయట వేపచెట్టు కింద ఉన్నాయి. భోజనాలయ్యాక చూద్దురు గాని. అంబాసిడర్ వెనక సీటు మాత్రం మాస్టారిది.