వ్రేళ్లు వంకరపోక మునుపే



లెక్కలు వ్రాసి బ్రదుకువానికి చేయియే ధనము. నాట్లు వేయుటకును, బిడ్డకు జడ అల్లుటకును, ఈ గ్రంథాలయమున పుస్తకము తెఱచుటకును ఆ చేయియే కావలయును గదా! కావున ఈ రజతోత్సవ సభలో చేతిని చెఱచు ఒక వ్యాధిని గూర్చి విన్నవింపదలచితిని.

మనము కీళ్లవాతమని ఒకే పేర పిలుచు వ్యాధులు పెక్కు గలవు. అందు రుమటాయిడ్ కీళ్లవాతము ముసలితనపు అరుగుదల కాదు; నడివయస్సుననే రావచ్చును. పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు అధికము. మాధవకరుడు నిదానగ్రంథమున వర్ణించిన ఆమవాతముతో దీనిని పలువురు పోల్చుదురు. దేహమును కాపాడవలసిన శక్తియే కీళ్ల లోపలి పొరపై పడును. కంచెయే చేను మేసినట్లు. ఆ పొర వాచి, దళసరియై, కీలును పట్టియుంచు బంధములను సడలించును. అంతట వ్రేళ్లు చిటికెనవ్రేలి వైపునకు ఒరుగును. కొన్నిటికి నడిమి కణుపు వెనుకకు వంగి, కొన లోనికి ముడుచుకొనును. పాశ్చాత్య వైద్యులు ఈ వంపునకు హంస మెడ పేరు పెట్టిరి. కావ్యములలో సొగసునకు ఉపమానమైన హంస ఇచ్చట వేదనకు గుఱుతైనది.

ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు రెన్వార్ (1841–1919) సుమారు 50వ యేట ఈ వ్యాధికి లోనయ్యెను. వ్రేళ్లు ముడుచుకొనిపోగా, అరచేతులకు గుడ్డ చుట్టించుకొని, ఇతరులు కుంచె అందింపగా, చక్రముల కుర్చీలో కూర్చుండి కడవఱకు చిత్రించెను. ఆ ధైర్యమునకు చేతులు మోడ్పవలసినదే. కాని దానిని జూచి మనమును ఓర్చుకొని కూర్చుండరాదు. ఆయన కాలమున ఈ వ్యాధిని అదుపుచేయు మందు లేదు, నేడు గలదు.

మెథోట్రెక్సేట్ వంటి మందులు వ్యాధి నడకనే నిలుపజాలును. అయితే వైద్యుడు చెప్పినట్లు, రక్తపరీక్షలతో వాడవలయును. అది వారమునకు ఒక్కమాఱే; దినదినమును మ్రింగిన ప్రాణాపాయము. గర్భిణులు ముట్టరాదు. ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలు నొప్పిని వెంటనే తగ్గించును గాని, వైద్యుని విచారింపక పెక్కునాళ్లు వాడిన ఎముకలను గుల్లచేయును.

ఉదయమున చేతులు గంటకు పైగా బిగిసియుండుట, రెండు చేతుల మణికట్లును వ్రేళ్ల మొదళ్లును వాచుట, అది వారములు గడచినను తగ్గకుండుట, ఇవి గుఱుతులు. బిందె ఎత్తలేని ఇల్లాలిని పని తప్పించుకొనుచున్నదని నిందింపకుడు. అప్పునకు వడ్డీవలె ఈ వ్యాధికి ఆలస్యము తోడగును. వంగి గట్టిపడిన వ్రేలిని మందు మఱల నిటారు చేయజాలదు.

నేడు ఇంటికేగి మీ తల్లుల, ఇల్లాండ్ర చేతులను ఒక్కమాఱు పరికింపుడు. వాపు కానవచ్చిన, జాతరయు పంటయు ముగియనిమ్మనక వైద్యుని యొద్దకు తోడ్కొనిపొండు. ఇదియే నా మనవి.