5051 నంబరు సీరం



జీవకణ పరిశోధన చేస్తున్న మా మనవరాలు చెప్పిన సంగతి ఒకటి మనవి చేస్తాను. కణం రెండయ్యేటప్పుడు క్రోమోజోములను సమంగా పంచే దారాలు సెంట్రోసోమ్ అనే చిన్న చుక్క నుంచి బయలుదేరతాయి. 1888లో బొవేరీ పెట్టిన పేరది. అందులోని ప్రొటీన్లను పట్టుకోవడానికి ఒక జబ్బే అక్కరకొచ్చింది.

స్క్లెరోడెర్మాలో చర్మం గట్టిపడిపోతుంది. ఒంటికి కాపలా కాయవలసిన యాంటీబాడీలు సొంత కణాల మీదికే తిరగబడతాయి. అలాంటి ఒక రోగి సీరం, నంబరు 5051, సెంట్రోసోమ్‌కు అంటుకుంటుందని తేలింది. మెరిసే రంగు తగిలించిన రెండో యాంటీబాడీని దాని మీద వేస్తే, సూక్ష్మదర్శినిలో ఆ చుక్క వెలుగుతుంది. 1983లో చిట్టెలుక పిండాల్లో అలా చూశారు. ఆ సీరంతోనే పెరిసెంట్రిన్ అనే ప్రొటీన్‌ను గుర్తించి 1994లో ప్రకటించారు.

మొదటిది లేకుండా రెండో యాంటీబాడీని మాత్రమే వేసి కూడా చూస్తారట. అప్పుడూ వెలిగితే ఆ సాక్ష్యం చెల్లదు. ఆడిటువారు మెచ్చే పద్ధతి!

రోగి పేరు బయటపెట్టరు, పెట్టకూడదు కూడా. ఉద్యోగమంతా ఫైళ్ళకు నంబర్లు వేసినవాణ్ణి గనుక నా మనసు ఆ 5051 దగ్గరే ఆగిపోయింది. సూది గుచ్చి రక్తం తీసుకునేటప్పుడు ఆ మనిషికి ఈ సంగతి ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!