ఏ కలెక్టర్?

పట్టాలు అందుకున్న పిల్లలకు అభినందనలు. మర్యాదలు అయిపోయాయి.

ముందు ఒక ఫిర్యాదు. మీ ఆహ్వానపత్రంలో నన్ను పల్నాడు జిల్లా రెడ్డిగూడెం వాణ్ణి చేశారు. అక్కడా ఒక రెడ్డిగూడెం ఉంది, కాదనను. నాది మైలవరం పక్కన, మామిడితోటల రెడ్డిగూడెం. మొన్నటిదాకా కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. కార్డు తయారుచేసింది మీడియా విద్యార్థులేనని తెలిసి నవ్వొచ్చింది. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది.

నేను 1979లో సైన్యంలో చేరాను. సిగ్నల్స్ కోర్, జబల్‌పూర్‌లో ట్రైనింగ్. పదిహేడేళ్లు వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చున్నాను. మా కోర్ నినాదం ‘తీవ్ర చౌకస్’. వేగమూ ఉండాలి, జాగ్రత్తా ఉండాలి. వచ్చిన సందేశాన్ని తిరిగి చదివి వినిపించాలి, అవతలివాడు సరే అనాలి. వినబడకపోతే ‘సే అగైన్’ అనాలి తప్ప ‘రిపీట్’ అనకూడదు. ఫిరంగిదళం భాషలో రిపీట్ అంటే మళ్లీ కాల్చమని! ఒక్క మాటకి ఎంత ఖరీదో అక్కడ తెలిసింది.

సర్వీసులో ఉండగానే ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీ గట్టెక్కించి, 1996లో ఉస్మానియాలో జర్నలిజంలో చేరాను. 1954 నుంచి ఉన్న శాఖ అది. నాకు ముప్పై అయిదేళ్లు. లెక్చరర్ లోపలికి రాగానే అలవాటుకొద్దీ సావధాన్‌లో నిలబడ్డాను. ఆయన నాకంటే చిన్నవాడు, బెదిరిపోయాడు. క్లాసు పిల్లలు వారం రోజులు ‘అంకుల్’ అన్నారు, తర్వాత ‘అన్నా’లోకి దిగారు.

ఆ వేసవిలో మా ల్యాబ్ జర్నల్‌కి మామిడి మీద వార్త ఇస్తానని ఊరొచ్చాను. బాబాయి తోటలో కాటా దగ్గర కూర్చుని రేట్లు రాసుకున్నాను. మైలవరంలో ఎస్టీడీ బూతు నుంచి హైదరాబాద్ మిత్రుడికి చెబుతున్నాను. ఎదురుగా మీటరు మీద ఎర్రంకెలు పరిగెడుతున్నాయి. “కలెక్టర్ పడిపోయింది, రైతులు దిగులుగా ఉన్నారు” అన్నాను. “సరే అన్నా” అన్నాడు. పెట్టేశాను. తిరిగి చదవమనలేదు. పదిహేడేళ్ల అలవాటు ఏడెనిమిది రూపాయల దగ్గర తప్పింది.

మన వైపు కలెక్టర్ అంటే మామిడి కాయ అని మీకు వేరే చెప్పాలా? పుస్తకాల్లో తోతాపురి. కొస ముక్కులా వంగి ఉంటుంది, ఎక్కువగా రసం ఫ్యాక్టరీలకి పోతుంది. మా మిత్రుడు నగరంలో పుట్టి పెరిగినవాడు. వార్త ఇలా అచ్చయింది: ‘మామిడి ధర తగ్గించిన జిల్లా కలెక్టర్, రైతుల ఆందోళన’.

కాపీ పట్టుకుని ఊరెళితే బాబాయి చదివి, కళ్లద్దాలు తీసి, “ఒరే, కలెక్టరు గారికి మన తోట గొడవెందుకురా? ఇన్నేళ్లూ సైన్యంలో ఇట్టాంటి కబుర్లే మోశావా?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆ తర్వాత డెస్కుల్లో, స్టూడియోల్లో పనిచేసినన్నాళ్లూ ఎవరి మాట రాసుకున్నా వాళ్లకే చదివి వినిపించాను. ఒకసారి కాలువ చివరి భూముల దగ్గర ఒక పెద్దామెకి ‘పైరు ఎండిపోయింది’ అని చదివాను. “ఎండిపోలేదయ్యా, ఎండబెట్టారు. పైవాళ్లు నీళ్లు ఆపారు” అంది. ఒక్క క్రియాపదం మారింది, నా వార్త మొత్తం తిరగరాయాల్సి వచ్చింది.

మీరేం చేస్తున్నారు? ఫోన్‌లో రికార్డు చేస్తారు. ఎప్పుడు వింటారమ్మా? వినరు. ఆ యంత్రమే అక్షరాల్లోకి మారుస్తుంది, దాన్నే ఎక్కించేస్తారు. కెమెరా పట్టడం, ఎడిటింగ్, బొమ్మ గీయడం, అన్నీ మాకంటే బాగా వచ్చు మీకు, ఒప్పుకుంటున్నాను. ఎదుటి మనిషి పేరు, ఇంటిపేరు, ఊరు అతని నోటితోనే రెండోసారి చెప్పించుకోవడానికి మాత్రం మొహమాటం! అడిగితే చిన్నతనమా? తప్పు అచ్చయ్యాక వచ్చేదాన్ని ఏమంటారు మరి?

నా ప్రసంగం ఇంతే. కూర్చోబోయే ముందు, ఆ చివరి వరసలో ఇందాకట్నుంచి ఫోన్ చూస్తున్న బాబూ, నువ్వే, ఒకసారి లేచి తిరిగి చెప్పు. మాది ఏ రెడ్డిగూడెం? ఏ జిల్లా?