కొత్త కంప్యూటర్ కొనేముందు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.



హంసలదీవి మొదలుకొని అవనిగడ్డ, మచిలీపట్నం, గుడివాడ దాకా మీరిచ్చిన కంప్యూటర్లు మన వాళ్లకు ఎంత అక్కరకొస్తున్నాయో మీకు తెలుసు. పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తులు, హాల్‌టికెట్లు, పెద్దల హజ్ దరఖాస్తులు అన్నీ వాటి మీదే. గడువు చివరి రోజున ఆ యంత్రం తెరుచుకోవడానికే పావుగంట పడితే, నష్టపోయేది పేదింటి బిడ్డ. అప్పుడు అందరం అనే మాట ఒకటే: "పాతబడ్డాయి, కొత్తవి కొనాలి." ఆ మాట విని చెక్కు రాసేముందు ఒక్క ప్రశ్న అడగమని ఉపాధ్యాయులుగా మేము కోరుతున్నాం: ఇంతకూ ఎక్కడ ఆగుతోంది?

మనది కృష్ణా డెల్టా శివారు. కాలవ చివరకు నీరు అందకపోతే కొత్త బ్యారేజీ కట్టమని అడగం. గుర్రపుడెక్క ఎక్కడ అల్లుకుందో, పూడిక ఎక్కడ చేరిందో ముందు చూస్తాం. కంప్యూటర్ విషయమూ అంతే.

మొదట రీస్టార్ట్ చేయాలి. "రోజూ షట్‌డౌన్ చేస్తున్నాం కదా" అంటారు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు పనిచేస్తుంటే, షట్‌డౌన్ చేసినా వ్యవస్థలో కొంత భాగాన్ని డిస్కులో దాచి, మర్నాడు దాన్నే తిరిగి తెస్తుంది. రీస్టార్ట్ చేస్తేనే అంతా కొత్తగా మొదలవుతుంది.

తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కాలి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో సీపీయూ, మెమరీ, డిస్క్ ఎంత శాతం పనిలో ఉన్నాయో కనిపిస్తుంది. ఏది వంద దగ్గర దిగకుండా నిలబడిందో అడ్డు అక్కడే. అక్కడే స్టార్టప్ పట్టీ చూసి, కంప్యూటర్ వెయ్యగానే వాటంతటవే లేచే అనవసరపు ప్రోగ్రాములను ఆపేయాలి. సీ డ్రైవ్ నిండిపోయి ఉంటే ఖాళీ చేయాలి. పెన్‌డ్రైవ్‌లు చేతులు మారే చోట వైరస్ పరీక్ష తప్పనిసరి. రెండు మూడు యాంటీవైరస్‌లు పెడితే అవే భారమవుతాయి, ఒకటి చాలు. వీటిలో దేనికీ పైసా ఖర్చు లేదు.

మన సముద్రపు గాలిలో తేమ, ఉప్పు ఎక్కువ. లోపల దుమ్ము పేరుకుని ఫ్యాను సరిగా తిరగకపోతే ప్రాసెసర్ వేడెక్కి, తనను కాపాడుకోవడానికి తానే వేగం తగ్గించుకుంటుంది. అప్పుడప్పుడు విప్పించి శుభ్రం చేయించాలి. పని అయ్యాక గుడ్డ కప్పండి, నడుస్తుండగా మాత్రం కప్పవద్దు.

ఇవన్నీ చేసినా డిస్క్ వంద దగ్గరే ఉంటే, అది పాతరకం హార్డ్ డిస్క్ అయివుంటుంది. నిమిషానికి 5,400 లేదా 7,200 చుట్లు తిరిగే పళ్లేల మీద వెతికి చదవాలి దానికి. దాని స్థానంలో కదిలే భాగాలే లేని ఎస్‌ఎస్‌డీ వేయిస్తే పాత యంత్రమే చురుగ్గా లేస్తుంది. మెమరీ నిండిపోతుంటే 4 జీబీ ర్యామ్‌ను 8 జీబీ చేయించాలి. రెండూ కలిపినా కొత్త కంప్యూటర్ ధరలో కొంత భాగమే. అయితే విప్పేముందు పిల్లల సర్టిఫికెట్ల కాపీలు వేరేచోట భద్రపరచాలి.

ఇంకో సంగతి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, అది ఒప్పుకునే ప్రాసెసర్ కావాలి. ఇవి లేని యంత్రాన్ని పారేయనక్కరలేదు. లైనక్స్ ఉచితం. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్ల తరబడి దానితోనే పాఠాలు చెబుతున్నాయి. ఆఫీసులో పక్కనపెట్టిన కంప్యూటర్ ఇవ్వదలచినవారు ఈ వివరాలు చూసి, తమ ఫైళ్లు పూర్తిగా తుడిచి ఇవ్వండి.

దాతలకు మా మనవి మూడు మాటలు. కంప్యూటర్ ఇచ్చేటప్పుడే దాని మరమ్మతుకూ కొంత సొమ్ము కేటాయించండి. ప్రతి యంత్రానికీ ఒక నోటుపుస్తకం పెట్టించి, ఏం చెడింది, ఏం మార్చారు అన్నది రాయించండి. పెద్ద తరగతుల పిల్లలకు, ఆడపిల్లలతో సహా, ఈ పరీక్షలు చేయడం నేర్పించండి. అది వారికి రేపు జీవనోపాధి కూడా కావచ్చు. ఈ ఖర్చంతా సదఖా సొమ్ములోంచే చేద్దాం. జకాత్ దాని హక్కుదారులకే చేరాలి.

బావి తవ్వించినవారు చేంతాడు, బొక్కెన కూడా పెట్టించాలి. అప్పుడే అది సదఖయె జారియా అవుతుంది. మీ సొమ్ము మా చేతుల్లో అమానత్. దుబారా కాకుండా చూడటం మన అందరి బాధ్యత. మీ దానాన్ని అల్లాహ్ స్వీకరించుగాక. ఆమీన్.