యంత్రమునకు సంత చెప్పుట



జీవితమంతయు వ్యాకరణమును ఛందస్సును బోధించి విరమించిన పంతులు కంప్యూటరు భాషను గూర్చి ప్రసంగించుట మీకు వింతగా దోచవచ్చును. నాకును మొదట వింతగానే యుండెను. మార్టూరులో మా యింటి యరుగుమీద నా మనుమరాలు తన కళాశాల పాఠమును చదువుకొనుచుండగా వింటిని. ఇది మన మెరుగని విద్య కాదనిపించి, అరువదియైదవ యేట ఆమెకు శిష్యుడనైతిని. ఆ భాషలో ఆంగ్లేయులు లూపు అని పిలుచు ఆవృత్తిని గూర్చి, క్రొత్తగా నేర్చువారి కొరకు నాలుగు మాటలు మనవి చేసెదను.

నేను నేర్చినది పైథాను. హాలెండు దేశీయుడగు గీడో వాన్ రోసమ్ దీనిని 1991 లో లోకమున కిచ్చెను. ఆ పేరు కొండచిలువను బట్టి వచ్చినదని పలువు రనుకొందురు. నిజమునకు అది మాంటీ పైథాన్ అను హాస్య ప్రదర్శనమునుండి గ్రహింపబడినది.

ఆవృత్తి యననేమి? మా గురువుగారు శ్లోకము నొకమారు చెప్పి, “పదిమారులు వల్లెవేయుడు” అనెడివారు. చెప్పవలసిన పాఠ మొకటి. ఎన్నిమారులో తెలుపు నియమ మొకటి. ఈ రెండును గూడినదే ఆవృత్తి. పైథానులో నియమమును మొదటి పంక్తిలో వ్రాసి, చివర రెండు చుక్కల నుంచి, వల్లెవేయవలసిన పంక్తులను నాలుగక్షరముల యెడము విడిచి లోపలికి జరిపి వ్రాయుదురు. లోపలనున్నది పలుమారులు జరుగును. వెలుపలనున్నది అంతయు ముగిసిన పిమ్మట నొక్కమారే జరుగును. మొత్తమును చూపు పంక్తిని పొరపాటున లోపల వ్రాసితిమా, ప్రతి మారును అది పలుకుచునే యుండును.

ఆవృత్తులు రెండు విధములు. ఎన్ని వస్తువులున్నవో తెలిసినపుడు ‘ఫర్’. ఎప్పటికి ముగియునో తెలియక, షరతు మాత్రమే తెలిసినపుడు ‘వైల్’.

ఫర్ విషయమున నా తప్పు నొకదానిని దాచక చెప్పెదను. పొరుగు రైతు యార్డునకు పంపదలచిన పది మిరప బస్తాల తూకములను నాకు చదివి వినిపించెను. వానిని వరుసగా వ్రాసి, ఒకటి మొదలు పది వరకు కూడుమని యంత్రమున కాజ్ఞాపించితిని. అది తడుముకొనక మొత్తమును చెప్పెను. రైతు వ్రేళ్ల కణుపులపై లెక్కించుకొని, “పంతులుగారూ, నలుబదిమూడు కిలోలు తగ్గినవండీ” అనెను. తరచి చూడగా మొదటి బస్తా తూకము సరిగా నలుబదిమూడు!

కారణము వినుడు. పైథాను వరుసలోని మొదటి వస్తువును సున్న యని లెక్కించును. ‘రేంజి’ అను మాటకు ఒకటి, పది అని యిచ్చితిమేని ఒకటి మొదలు తొమ్మిది వరకే పోవును. కడపటి యంకెను ముట్టదు. కనుక తొమ్మిది బస్తాలే కూడబడి, మొదటిది జారిపోయెను. యంత్రము తప్పని పలుకలేదు. దాని దృష్టిలో అది తప్పుగాదు. ఇట్టి చోట అంకెల జోలికి పోక, “బస్తాలలో ప్రతి బస్తాకును” అని నేరుగా వ్రాయుట మేలు. అప్పుడు ఏదియు జారిపోదు.

ఇక వైల్. తొట్టి మట్టము నూరు కంటె తక్కువగా నున్నంతవరకు ఇరువది చొప్పున నీరు పోయుమంటిమి. సున్నతో నారంభించిన అయిదు మారులలో నిండి ఆగును. మట్టమును పెంచు పంక్తిని మరచితిమా, యంత్రము ఎప్పటికిని తొట్టి నిండలేదనుచు తిరుగుచునే యుండును. అప్పుడు కంట్రోలు మీటను నొక్కిపట్టి సి మీటను నొక్కవలెను. షరతును ఏనాటికైనను మార్చు పంక్తి లోపల నున్నదా యని ముందే చూచుకొనుట వివేకము.

తుదకు నాకు మిక్కిలి ప్రియమైన యుదాహరణము. పింగళుని శాస్త్రమున గురులఘువుల ప్రస్తార మున్నది గదా! ఒక ఫర్ లోపల నొకటి, దాని లోపల మరియొకటి యుంచి, ప్రతిదానికిని గురువు, లఘువు అను రెంటినే యిచ్చితిని. రెండు, రెండు, రెండు గుణింపగా ఎనిమిది గణములును తెరమీద నిలిచెను. కాని వరుస మ, త, ర, భ, య, జ, స, న అని వచ్చెను. మన సంప్రదాయ క్రమము మ, య, ర, స, త, జ, భ, న. ఏల యిట్లాయెను? అన్నిటికంటె లోపలి ఆవృత్తి వేగముగా మారును. ప్రస్తారమున వేగముగా మారునది మొదటి యక్షరము. మొదటి యక్షరమును లోపలి ఆవృత్తి కప్పగింపగా వరుస చక్కబడెను. చిన్ననాడు పలకమీద దిద్దినది కన్నులయెదుట నిలువగా నా కన్నులు చెమర్చెను.

విద్యార్థులారా! వేయి బస్తాల లెక్కకు పూనుకొనుటకు ముందు మూడు బస్తాలతో వ్రాసి, చేతిలెక్కతో సరిచూచుకొనుడు. యంత్రమునకు బస్తా యొక యంకె మాత్రమే. రైతునకు అది యొక కారు కష్టము. ఆ భేదము నెరిగి వ్రాయవలసినవారము మనమే.