ఆటల కంప్యూటరు: భాగముల యెన్నిక



పదునేడు పదునెనిమిదేండ్ల మనుమడు వచ్చి, "తాతయ్యా, ఆటలాడుటకు కంప్యూటరు కావలెను. భాగములు విడిగా కొని నేనే కూర్చుకొందును" అని యడుగుట నేడు వింత గాదు. సొమ్ము మనది, కోరిక వానిది, సరకు దుకాణదారునిది. ఈ మువ్వురిలో విషయ మెరుగనివారము మనమే యగుటచే గద్దించి పంపుదుము, లేదా యడిగినంత యిచ్చి కన్నులు మూసికొందుము. రెండును తగినవి గావని నా యభిప్రాయము. ఆట మంచిదా చెడ్డదా యను వాదమును నేడు చేపట్టను. కొనుట నిశ్చయమైన పిమ్మట ఏ భాగమునకు సొమ్మెంత పోవలెనో పెద్దలును తెలిసికొనవలెను.

2024 వేసవిలో మా మనుమడు చిన్నపిల్లలకు పాఠములు చెప్పి కూడబెట్టిన 20,000 రూపాయలతో నా యొద్దకు వచ్చెను. నా పింఛనునుండి 50,000 కలుపుదునంటిని. వాడు వ్రాసి తెచ్చిన చీటీని ముందుంచుకొని యొక్కొక్క వస్తువు చేయు పనిని అడిగి తెలిసికొంటిని. లెక్కలు కట్టునది ప్రాసెసరు. దానికి అప్పటికప్పుడు కావలసిన సమాచారమును చేతికందునట్లుంచునది ర్యామ్. ఆటలను దాచునది ఎస్.ఎస్.డి. అన్నిటిని కలుపు పీఠము మదరుబోర్డు. తెరపై బొమ్మను చిత్రించునది గ్రాఫిక్సు కార్డు.

ఈ కడపటి దానిని గూర్చి కొంత చెప్పవలెను. సాధారణమైన తెరపై అడ్డముగ 1920, నిలువుగ 1080 చుక్కలుండును. గుణించిన 20,73,600. ఆట నడచుచుండగా సెకనుకు 60 మారులు ఈ చుక్కలన్నిటికి రంగు నిర్ణయింపవలెనన్న, సెకనుకు పండ్రెండుకోట్లకు మించిన నిర్ణయములు. ఈ చాకిరిలో అధికభాగము గ్రాఫిక్సు కార్డుదే. కావున ఆటల యంత్రమునకు బెట్టు సొమ్ములో మూడవవంతునకు మించి దీనికే పోయినను దుబారా యనరాదు. వ్రాతపనులకు మాత్రమే యైనచో ఈ కార్డు లేకయే గడచును.

మావాని చీటీలో మంచి కార్డే యున్నది. రంగుదీపములతో, గాజు తలుపుతో వెలిగెడి పెట్టెయు నున్నది. పవరు సప్లై మాత్రము పేరు లేనిది, అతిచవుక. "ఇదేమిరా?" యంటిని. "అది ఆటకు వేగమీయదు తాతయ్యా, పైకి కనబడదు కూడ" అనెను. ఇచ్చట నేనడ్డుపడితిని. గోడనుండి వచ్చు 230 వోల్టుల విద్యుత్తును 12 వోల్టులు మొదలగు స్వల్ప ప్రమాణములకు దించి, నిలుకడగ భాగములకెల్ల పంచునది పవరు సప్లై. నాసిరకమైన దది చెడినచో నొక్కొక్కప్పుడు తక్కిన భాగములను గూడ వెంటగొనిపోవును. పొలములలో మోటార్లు వేయగనే ఇంటి దీపము మసకబారు గ్రామములు మనకు క్రొత్త గావు. కరెంటు పోయి తిరిగివచ్చునపుడు తగులు తాకిడి యింకొకటి. 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060 యను కార్డు 115 వాట్లు వాడుకొనును. దానిని చేసిన ఎన్విడియా వారు యంత్రమంతటికి 550 వాట్ల పవరు సప్లై యుండవలెనందురు. పెట్టెపై వ్రాసిన వాట్లను మాత్రము చూచి నమ్మరాదు. తయారీదారుని పేరు, హామీ యిచ్చిన యేండ్లు చూడవలెను. 80 ప్లస్ అను గుర్తు విద్యుత్తు వృథా కాకుండుటను దెల్పును గాని, వస్తువు గట్టిదనమునంతను దెల్పదు. కొంత తర్కము జరిగిన పిమ్మట దీపముల పెట్టె పోయి సాదా పెట్టె వచ్చెను. మిగిలిన సొమ్ముతో మేలైన పవరు సప్లై, చిన్న యూపీఎస్ వచ్చినవి. గోడలోని మూడవ రంధ్రమునకు నిజముగ ఎర్తు కలదో లేదో ఎలక్ట్రీషియనుచే చూపించితిని.

భాగములకు పొంతన కుదురుట వేరొక సంగతి. ఏఎమ్‌డి వారు 2022లో తెచ్చిన ఏఎమ్5 పీఠము డీడీఆర్5 ర్యామ్‌నే గోరును. అంతకు ముందటి ఏఎమ్4 డీడీఆర్4నే గోరును. ఇంటెల్ వారి ఎల్‌జీఏ 1700 బోర్డులలో కొన్నిటికిది, కొన్నిటికది. గాడి వేరగుటచే ఒకదాని చోట నింకొకటి దిగదు. ర్యామ్ 16 జీబీ కొనదలచినచో ఒక్క పలకగా గాక 8 జీబీ పలకలు రెండుగా కొనుట మేలు. రెండు దారుల సమాచారము నడచును.

సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరునందు ఇట్టి దుకాణములు వరుసగ నున్నవి. మూడు నాలుగు చోట్ల ధర విచారించితిమి. ఒకడు బిల్లు లేకున్న తగ్గింతుననెను. వస్తువు సంఖ్య వ్రాసిన బిల్లు లేనిదే రేపు హామీ యడుగుట యెట్లు? లేచి వచ్చితిమి.

కూర్చుట యొక మధ్యాహ్నపు పని. అది ముగిసిన తరువాత చూడవలసినది తెర తీగ. మదరుబోర్డునకును తెర తీగ తగిలించు రంధ్రముండును, కార్డునకు నుండును. క్రొత్తవారు పలువురు పొరపాటున బోర్డునకే తగిలింతురు. అప్పుడు కార్డు సోమరిగ గూర్చుండి ఆట నత్తనడక నడచును. పేరు చివర 'ఎఫ్' అక్షరముగల ఇంటెల్ ప్రాసెసరులకు స్వయముగ బొమ్మ చూపు శక్తి లేదు గనుక తెర నల్లగనే యుండును. యంత్రము చెడినదని దుకాణమునకు మోసికొనిపోకముందు వెనుకకు వంగి, తీగ యెచ్చట నున్నదో చూడుడు.